గుబులుండగానే గజ్జె కట్టొచ్చు

మనసు బాగోలేని మనిషికి మన ఇళ్లలో ముందుగా చెప్పే మాట ఒకటుంది: "ముందు కాస్త కుదుటపడు, తర్వాత ఏదైనా నేర్చుకుందువు గానీ." ప్రేమతో చెప్పే మాటే. అయితే మానసిక వైద్యం ఈ వరసను తిరగేసి యాభై ఏళ్లయింది. 1970లలో అమెరికాలోని ఓరెగాన్‌లో పీటర్ లెవిన్‌సన్ అనే మనస్తత్వవేత్త ఒక విషవలయాన్ని చూపించాడు. దిగులు పట్టిన మనిషి ఒక్కొక్క పనే వదిలేస్తూ వస్తాడు. పనులు తగ్గేకొద్దీ నలుగురిని కలవడం, ఒక మంచి మాట వినడం, "ఇది నేను చేశాను" అనిపించడం అన్నీ తగ్గిపోతాయి. అవి తగ్గాక దిగులు ఇంకా ముదురుతుంది. కాబట్టి ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా, చిన్న పనిని ఒక వేళ పెట్టుకుని మొదలుపెట్టడమే మందు అన్నాడాయన. ఉత్సాహం ఆ పని వెనకాలే వస్తుంది.

కుట్టు క్లాసో, పాట క్లాసో, భజన గుంపో చూసి "నాకిప్పుడు మనసు లేదు" అని వెనక్కి తిరిగిన వాళ్లు వెలుగోడులోనూ ఉన్నారు, నంద్యాలలోనూ ఉన్నారు, ఆళ్లగడ్డలోనూ ఉన్నారు. ఈ విశేషాలు వాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం.

గోవాలో డాక్టర్లు కానివాళ్లు చేసిన వైద్యం

లెవిన్‌సన్ చెప్పింది మన దేశంలో, మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తుందా? గోవాలో విక్రమ్ పటేల్ బృందం, సంగత్ అనే సంస్థ కలిసి పరీక్షించి చూశాయి. ఫలితం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బాగా ముదిరిన డిప్రెషన్ ఉన్న 495 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఎప్పుడూ ఇచ్చే వైద్యం ఇచ్చారు. రెండో జట్టుకు దాంతోపాటు ఆరు నుంచి ఎనిమిది విడతలు మాట సాయం అందింది. ఆ మాట సాయం చేసినవాళ్లు డాక్టర్లు కారు, సైకాలజీ చదివినవాళ్లూ కారు. స్థానికంగా ఉండే మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి పంపారు. వాళ్లు చేయించింది కూడా మామూలు పనే: మానేసిన పనుల్లో ఏది మళ్లీ మొదలుపెట్టగలరో కలిసి ఆలోచించడం, రోజూ ఒక వేళ పెట్టుకోవడం, మళ్లీ వచ్చినప్పుడు ఎలా జరిగిందో మాట్లాడుకోవడం. మూడు నెలలకు మొదటి జట్టులో నూటికి 39 మంది తేరుకుంటే, రెండో జట్టులో 64 మంది తేరుకున్నారు.

నాకు ఈ లెక్కలో నచ్చింది 64 ఒక్కటే కాదు. పక్కన కూర్చుని "రేపు ఏం చేద్దాం?" అని అడిగే మనిషి చాలు, వాళ్లకు పెద్ద చదువు అక్కర్లేదు అని తేలడం.

మన పల్లెల రాత్రి క్లాసు

నంద్యాల జిల్లా పల్లెల్లో పెద్దవాళ్ల కోసం ఎప్పటి నుంచో నడుస్తున్న క్లాసు ఒకటుంది. బోర్డు ఉండదు, కరపత్రం వేయరు, సర్టిఫికెట్టు ఇవ్వరు. అదే చెక్కభజన.

పంట పనులు తెమిలాక ఊరి పెద్దలు వేరే ఊరి నుంచి గురువును పిలిపించుకుంటారు. రాత్రి భోజనాలయ్యాక రామాలయం ముందో, చావిడి దగ్గరో గుమిగూడతారు. పగలంతా చేన్లో పనిచేసినవాళ్లు, బేల్దారి పనికి పోయినవాళ్లు, చదువు మానేసిన కుర్రాళ్లు, అంతా ఒకే వలయంగా నిలబడతారు. చేతిలో రెండు చెక్కలు. వాటికి అమర్చిన చిన్న చిన్న బిళ్లలు చెక్కలు తాకినప్పుడల్లా గలగలమంటాయి. గురువు మధ్యలో నిలబడి తాళం వేస్తాడు, పాట ఎత్తుకుంటాడు. మిగతావాళ్లు అందుకుంటారు. పాట రామాయణంలోదో, భాగవతంలోదో అయి ఉంటుంది. అడుగు మాత్రం ప్రతి పాటకూ మారుతుంది. కుడికాలు ముందుకు, ఎడమకాలు పక్కకు, ఒక వంగడం, ఒక తిరగడం. మొదటి రాత్రుల్లో అడుగు కలవదు, అడుగు కలిసిన చోట చెక్క కలవదు, రెండూ కలిసే సరికి పాట మరిచిపోతారు. గురువు మళ్లీ మొదటి నుంచి పట్టిస్తాడు.

గుబులుగా ఉండే మనిషికి ఈ ఏర్పాటులో ఒక పెద్ద సౌకర్యం ఉంది. వలయంగా నిలబడినప్పుడు ఎవరి ముందూ ఎవరూ ప్రదర్శన ఇవ్వడం లేదు. పక్కవాడు కూడా తన అడుగే చూసుకుంటున్నాడు. మీ చెక్క ఒక దెబ్బ ఆలస్యమైతే ఆ చప్పుడు ఇరవై చెక్కల చప్పుడులో కలిసిపోతుంది. నోరు విప్పి ఎవరితోనూ మాట్లాడాల్సిన అవసరం లేకుండానే గంటసేపు నలుగురి మధ్య ఉండొచ్చు. కొత్తవాళ్లతో ఏం మాట్లాడాలో తోచక క్లాసులు మానేసేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

నేర్చుకోవడం పూర్తయ్యాక గజ్జెపూజ చేస్తారు. గజ్జెలకు పూజ చేసి, కాళ్లకు కట్టుకుని, ఊరి ముందు మొదటిసారి ఆడతారు. బంధువుల్ని పిలుచుకుంటారు, గురువుకు బట్టలు పెడతారు. దిగులు మనిషికి రోజులన్నీ ఒకేలా కనిపిస్తాయి. "ఫలానా రోజు మా గజ్జెపూజ" అని ముందు ఒక తేదీ కనిపించడం చిన్న సంగతేమీ కాదు.

ఒకప్పుడు ఇది మగవాళ్లదే అన్నట్టుండేది. ఇప్పుడు కోలాటం, చెక్కభజన జట్లలో ఆడవాళ్లు బాగా కనిపిస్తున్నారు.

కలిసి వేసే అడుగు

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రెజిల్‌లో హైస్కూలు పిల్లల చేత నాట్యం చేయించి 2015లో ఒక సంగతి బయటపెట్టారు. కొందరి చేత అందరూ ఒకే అడుగు వేసేలా, కొందరి చేత ఎవరి అడుగు వాళ్లు వేసేలా చేయించారు. ఆటకు ముందూ తర్వాతా చేతికి పట్టీ బిగించి ఎంత నొప్పి ఓర్చుకోగలరో చూశారు. ఒకే అడుగు వేసినవాళ్లకు నొప్పి ఓర్పు పెరిగింది. ఒకరంటే ఒకరికి దగ్గరితనమూ పెరిగింది. ఒళ్లు అలిసేలా ఆడటం వల్ల కలిగే లాభం వేరు, కలిసి ఆడటం వల్ల కలిగే లాభం వేరు. చెక్కభజనలో రెండూ ఉన్నాయి.

2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి పాడేవాళ్ల గుండె వేగాన్ని కొలిచారు. ఒకే పాట కలిసి పాడుతుంటే వాళ్ల గుండెలు దాదాపు ఒకే తీరున వేగం పెంచుకుంటూ, తగ్గించుకుంటూ సాగాయి. కారణం ఊపిరి. పాట చరణం ఎక్కడ ఆగితే అందరూ అక్కడే గాలి పీల్చుకుంటారు. చరణం సాగినంతసేపూ మెల్లగా వదులుతారు. ఊపిరి నిదానంగా వదిలినప్పుడు గుండె నెమ్మదిస్తుంది. ఆందోళనకు యోగా గురువు చెప్పేదీ, డాక్టరు చెప్పేదీ ఈ నిదానమైన ఊపిరే. పాట దాన్ని అడక్కుండానే చేయిస్తుంది.

2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 218 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. నడక, యోగా, బరువులెత్తడం డిప్రెషన్‌ను తగ్గించడంలో బాగానే పనిచేశాయి. నాట్యానికి ఇంకా పెద్ద ఫలితమే కనిపించింది గానీ, ఆ పరీక్షలు తక్కువ, చిన్నవి. కాబట్టి నాట్యమే గొప్పదని తీర్పు చెప్పడానికి లేదు. నడవడానికి వెలుగోడు జలాశయం కట్ట ఉండనే ఉంది, దానికి ఫీజు కూడా లేదు.

"అందరూ నన్నే చూస్తారు"

క్లాసు గుమ్మం దగ్గర కాళ్లను ఆపేసే మాట ఇదే. దీన్ని కూడా కొలిచారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్, ఆయన తోటివాళ్లు ఒక్కొక్క విద్యార్థి చేత సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీ షర్టు తొడిగించి, మిగతావాళ్లు కూర్చుని ఉన్న గదిలోకి పంపారు. ఎంతమంది నీ చొక్కా గమనించి ఉంటారు అని అడిగితే, సగం మంది దాకా చూసి ఉంటారని ఆ విద్యార్థులు అనుకున్నారు. నిజానికి గమనించింది పావు వంతు మంది. ఈ ఫలితం 2000లో అచ్చయింది.

ఇంకొకటి. 2018లో ఎరికా బూత్‌బీ తదితరులు కొత్తవాళ్లను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. తర్వాత విడివిడిగా అడిగారు: ఎదుటి మనిషి నీకు ఎంత నచ్చారు, ఎదుటి మనిషికి నువ్వు ఎంత నచ్చావనుకుంటున్నావు? సగటున చూస్తే, తాము నచ్చిన దానికంటే తక్కువే నచ్చామనుకున్నారు. సిగ్గరులు ఇంకా తక్కువ అంచనా వేసుకున్నారు. అంటే మొదటి రోజు క్లాసు నుంచి తిరిగొచ్చేటప్పుడు "నా మాట తీరు వాళ్లకు నచ్చలేదు" అని మనసు గొణిగితే దాన్ని నమ్మాల్సిన పనిలేదు.

దడదడ కొట్టుకునే గుండెకు "నెమ్మదించు" అని చెప్పడం కంటే వేరే మాట చెబితే మేలట. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో కొత్తవాళ్ల ముందు పాట పాడించి చూసింది. పాడే ముందు "నాకు భలే ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవాళ్లు, "నాకు కంగారుగా ఉంది" అన్నవాళ్ల కంటే స్వరం తప్పకుండా పాడారు. గుండె వేగం కంగారులోనూ ఉత్సాహంలోనూ దాదాపు ఒకటే కాబట్టి, దానికి పెట్టుకునే పేరు మార్చుకోవడం సులువు.

కాగితం మీద కుట్టు

మా వైపు ఆడవాళ్లు ఎక్కువగా చేరేది కుట్టు మిషను క్లాసులో. మొదటి రోజు గుడ్డ ఇస్తారనుకుని వెళ్తారు. చాలాచోట్ల దారం కూడా ఎక్కించరు.

తొక్కుడు మిషను ముందు కూర్చోబెట్టి ఊరికే తొక్కమంటారు. మడమ కిందికి, వేళ్లు కిందికి, మళ్లీ మడమ. ఆ ఊపు కుదరకపోతే చక్రం వెనక్కి తిరుగుతుంది. దారం ఉంటే అప్పుడే పుటుక్కున తెగుతుంది, అందుకే పెట్టరు. కాలు కుదిరాక గీతలున్న నోటుబుక్కు కాగితం ఒకటి మిషను పాదం కింద పెడతారు. సూది గీత మీదే నడవాలి. దారం లేని సూది వెళ్లిన దారంతా కాగితం మీద చిల్లులు పడతాయి. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే ఎక్కడ గీత దాటిందో, ఎక్కడ నిలిచిందో తెలిసిపోతుంది. నిలువు గీతలయ్యాక వంపులు, వంపులయ్యాక గుండ్రాలు. తప్పు పోతే పోయింది ఒక కాగితమే. జాకెట్టు ముక్క పాడయిందని ఎవరూ అనరు.

ఇందులో మనసుకు జరిగేదేమిటంటే, కాలు ఒక పని, రెండు చేతులు ఒక పని, కళ్లు ఒక పని చేస్తుంటే పాత సంగతులే తవ్వుకోవడానికి చోటు చిక్కదు. ఈ తవ్వుకోవడం మీద సుసాన్ నోలెన్ హోక్సెమా అనే ఆమె జీవితకాలం పరిశోధన చేసింది. దిగులుగా ఉన్నవాళ్లను ఎనిమిది నిమిషాలు తమ గురించే ఆలోచించమంటే దిగులు పెరిగింది. అదే ఎనిమిది నిమిషాలు బయటి సంగతుల మీద ధ్యాస పెట్టిస్తే తగ్గింది. కాగితం మీద గీత పట్టి కుట్టడం ఎనిమిది నిమిషాల కంటే ఎక్కువే పడుతుంది.

చేయి తిరిగి ఉండాలా?

అక్కర్లేదని లెక్క చెబుతోంది. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ 39 మంది పెద్దవాళ్లకు మట్టి, రంగు పెన్నులు, అంటించే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమంది. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ కొలిచింది. అది ఒత్తిడిలో పెరిగే హార్మోను. నూటికి 75 మందికి అది తగ్గింది. అంతకు ముందు బొమ్మలు వేసిన అలవాటు ఉన్నవాళ్లకూ, జీవితంలో కుంచె పట్టనివాళ్లకూ తేడా ఏమీ కనిపించలేదు. ఇది 2016 సంగతి. మిగతా పావు వంతు మందిని కూడా గుర్తుంచుకోవాలి. వాళ్లకు తగ్గలేదు. ఒక క్లాసు పడకపోతే మనిషిలో లోపమని కాదు, ఇంకో క్లాసు చూడాలని.

ఖాళీ కాన్వాసు ముందు చేయి ఆడకపోవడం బ్రిటన్ నాయకుడు చర్చిల్‌కు కూడా జరిగింది. 1915లో గాలిపోలి దండయాత్ర విఫలమై పదవి పోయినప్పుడు ఆయన తీవ్రమైన దిగులులో పడ్డాడు. అప్పుడు 40 ఏళ్లు. వేసవికి తీసుకున్న ఇంట్లో మరదలు నీటిరంగులు వేస్తుంటే చూసి తానూ మొదలుపెట్టాడు. తైలవర్ణాలు తెప్పించుకుని, తెల్లటి కాన్వాసు ముందు నిలబడి, ఎక్కడో మూల చిక్కుడు గింజంత చుక్క పెట్టి ఆగిపోయాడు. చిత్రకారుడి భార్య, తానూ చిత్రకారిణే అయిన హేజెల్ లేవరీ ఆ సమయానికి అక్కడికి వచ్చి, పెద్ద కుంచె తీసుకుని రంగులో ముంచి కాన్వాసు మీద బారుగా నాలుగు దెబ్బలు వేసింది. అంతటితో ఆయన భయం వదిలింది. తర్వాతి జీవితంలో 500కు పైగా బొమ్మలు వేశాడు. మన దేశం విషయంలో ఆయన చేసినవాటిని నేను మెచ్చను. ఈ ఒక్క సంగతి మాత్రం చెప్పుకోదగ్గది: మొదటి గీత పక్క మనిషి గీసి ఇచ్చినా తప్పులేదు.

ఐదువందల ఏళ్లుగా ఒకటే మొదటి పాఠం

కర్ణాటక సంగీతం నేర్చుకోవడానికి ఎనిమిదేళ్ల పిల్ల వచ్చినా, అరవై ఏళ్ల పెద్దాయన వచ్చినా మొదటి పాఠం సరళీ స్వరాలే, మాయామాళవగౌళ రాగంలోనే. ఈ క్రమాన్ని పెట్టింది 16వ శతాబ్దపు పురందరదాసు అని సంప్రదాయం. సప్తస్వరాలు మెట్లెక్కి మెట్లు దిగడం, ముందు నిదానంగా, తర్వాత రెట్టింపు వేగంలో, ఆ తర్వాత నాలుగు రెట్లు. వయసు మీరాక చేరానని నామోషీ పడేవాళ్లకు ఇది ఊరట. అక్కడ అందరూ దాటిన గుమ్మం ఒకటే.

డిప్రెషన్‌లో ఏకాగ్రత, జ్ఞాపకం కొంత తగ్గుతాయి. ఇది జబ్బు లక్షణం. నిన్న చెప్పిన స్వరం ఈరోజు గుర్తులేకపోతే "నాకు రాదు" అనుకోకుండా, పాఠం కాగితం మీద రాయించుకోవడమో, గురువు అనుమతితో ఫోనులో రికార్డు చేసుకోవడమో మంచిది.

ఆళ్లగడ్డలో ఊరికే చూడొచ్చు

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. గుడి కడుతున్నామంటే విగ్రహాల కోసం దూరాల నుంచి ఆళ్లగడ్డకు వస్తారు. ఉలి చప్పుడు వినిపించే చోట ఒక పక్కగా నిలబడి చూస్తే మొరటు రాయిలోంచి ముక్కూ మూతీ తేలడం కళ్లారా కనిపిస్తుంది. నేర్చుకోవాలని పట్టుదల ఉన్న యువతకు తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాల ఉంది. 1960లో పెట్టింది. రాయి, లోహం, కొయ్య, సుధ (గచ్చు) శిల్పాలతోపాటు కలంకారీ కూడా నేర్పుతారు.

నేనిక్కడ చెప్పదలిచింది చూడటం గురించే. 1958లో జోసెఫ్ వోల్పే అనే దక్షిణాఫ్రికా వైద్యుడు భయాన్ని మెట్లుగా విడగొట్టే పద్ధతిని పుస్తకంగా రాశాడు. అన్నిటికంటే తక్కువ భయమేసే మెట్టు ముందు, అది అలవాటయ్యాకే తర్వాతి మెట్టు. క్లాసు విషయంలో మొదటి మెట్టు ఆ వీధిలోంచి ఒకసారి నడిచి రావడం. రెండోది గుమ్మం దగ్గర నిలబడి చూడటం. మూడోది టీచరును ఫీజెంతో అడిగి రావడం. పారిపోతే ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది గానీ, ఆ హాయే మర్నాటికి భయాన్ని పెంచుతుంది. అందుకని ఎక్కలేని మెట్టు దగ్గర వెనుదిరగడం కంటే ఎక్కగలిగే చిన్న మెట్టు చూసుకోవడం నయం.

అదే కారణంతో, వెలుగోడు మనిషి నంద్యాలకు బస్సెక్కి వెళ్లే పెద్ద క్లాసు కంటే ఊళ్లో రెండు వీధుల అవతల జరిగే చిన్న క్లాసునే ముందు ఎంచుకోమంటాను. మనసు బాగోలేని రోజున బస్సు కోసం నిలబడటమే కొండంత పని.

పొద్దున్నా, సాయంత్రమా?

కొన్ని రకాల డిప్రెషన్‌లో ఉదయం లేవగానే దిగులు ఎక్కువగా ఉండి, పొద్దు వాలేకొద్దీ తేలికపడుతుంది. అలాంటివాళ్లు ఉదయం ఆరింటి క్లాసులో చేరి, రెండు రోజులు వెళ్లలేక, తమను తాము తిట్టుకుంటారు. సాయంత్రం క్లాసు చూసుకోవాలి. గుండెదడ ఉన్నవాళ్లు క్లాసుకు ముందు కాఫీ, స్ట్రాంగ్ టీ తగ్గించుకోవాలి. కెఫీన్ దడను పెంచుతుంది.

మధ్యలో మానేస్తే?

లండన్‌లో ఫిలిప్పా లాలీ 96 మందిని పరిశీలించి 2010లో చెప్పింది: ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పట్టేటట్టు తేలింది. మధ్యలో ఒకరోజు తప్పితే అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి బుధవారం వెళ్లలేదని శుక్రవారం కూడా మానుకోనక్కర్లేదు.

స్నేహం కుదరడానికి కూడా నెలలు పడతాయి. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ల కోసం కొత్తగా పెట్టిన పాట, చేతిపనులు, రచన క్లాసులను ఏడు నెలల పాటు పరిశీలించారు. పాట క్లాసువాళ్లు మొదటి నెలలోనే దగ్గరయ్యారు. మిగతా క్లాసులవాళ్లు మెల్లగా దగ్గరై, ఏడో నెలకు వాళ్లతో సమానమయ్యారు. ఏ క్లాసైనా సరే, కొన్నాళ్లు ఆగాలి.

దూబగుంటలో అక్షరాలతోపాటు

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు సారా వ్యతిరేక ఉద్యమంతో దేశమంతా తెలిసింది. అది మొదలైంది రాత్రిపూట అక్షరాస్యత కేంద్రాల్లో. పలక పట్టుకుని చదువు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు, ఇంట్లో తాగుడు వల్ల పడుతున్న బాధ తమ ఒక్కరిదే కాదని అక్కడ తెలుసుకున్నారు. పాఠంలో చదివిన కథ వాళ్ల కథే అయింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఆ కేంద్రాలు పెట్టింది అక్షరాల కోసమే. నాలుగు గోడల మధ్య ఒంటరిగా మోసే దుఃఖం పదిమంది కూర్చునే చోట బయటికి రావడం దాంతోపాటు జరిగింది. పెద్దవాళ్ల క్లాసు ఏదైనా కాస్తో కూస్తో ఈ పని చేస్తుంది.

వయసు మళ్లినవాళ్లకు

2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన పరిశీలన 16 దేశాల్లో 65 ఏళ్లు దాటిన 93,263 మందిది. ఏదో ఒక హాబీ ఉన్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు తక్కువగా, జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించాయి. దేశం మారినా ఈ సంబంధం పెద్దగా మారలేదు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి, ఇద్దరే మిగిలిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. ఆ ఇళ్లలోని పెద్దవాళ్లను భజనకు పిలిచే మనిషి ఉండాలి.

క్లాసు సరిపోని చోట

ఇది దాచకూడని సంగతి. హాబీ వైద్యానికి తోడు మాత్రమే, దాని బదులు కాదు. రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువసేపు దిగులో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో ఉండి, నిద్ర, తిండి, పని చెడిపోతుంటే డాక్టరును చూడాల్సిందే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే. మందులు వాడుతున్నవాళ్లు క్లాసులో కాస్త హాయిగా ఉందని వాటిని సొంతంగా ఆపకూడదు. మందు వల్ల చేయి వణికి కుంచె నిలవకపోతే ఆ సంగతీ డాక్టరుకే చెప్పాలి, మోతాదు చూస్తారు.

2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ప్రతి 20 మంది పెద్దవాళ్లలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడినవాళ్లే. వాళ్లలో ఎక్కువమందికి వైద్యం అందలేదు.

మానసిక వైద్యం పల్లె ఆసుపత్రికి రావాలన్న ప్రయత్నం దేశంలో జిల్లా స్థాయిలో మొదట జరిగింది మన పక్కనే. 1985లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ బళ్లారి జిల్లాను ఎంచుకుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే శిక్షణ ఇచ్చింది. 1996లో వచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి పద్ధతే నమూనా. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. వైద్య కళాశాల ఉన్నచోట మానసిక వైద్య విభాగం ఉండాలన్నది నియమం. కర్నూలు దాకా వెళ్లే ఓపిక లేదనుకునేవాళ్లు ముందు అక్కడ అడగొచ్చు. 2017 చట్టం ప్రకారం ఆరోగ్య బీమా కంపెనీలు మిగతా జబ్బులతో సమానంగా మానసిక జబ్బుకూ బీమా ఇవ్వాలి.

గడప దాటలేని రోజున ఫోను చాలు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రింబవళ్లు పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

చివరగా, చెక్కభజన గురువులకు, కుట్టు టీచర్లకు, సంగీతం మాస్టార్లకు ఒక విన్నపం. కొత్తగా వచ్చిన మనిషి మూలన కూర్చుంటే కూర్చోనివ్వండి, మొదటి రోజే పేరు పిలిచి ముందుకు లాగకండి, అడక్కుండా ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. నాలుగు రోజులు రాకపోతే మాత్రం ఒకసారి ఫోను చేయండి. ఇంట్లోవాళ్లకు ఇంకో విన్నపం. మీ ఇంట్లో దిగులుగా ఉన్న మనిషికి క్లాసులో చేరమని సలహా చెప్పి ఊరుకోవద్దు. మొదటి రోజు మీరూ వెంట వెళ్లండి, క్లాసు అయ్యేదాకా బయట ఉండి, ఇద్దరూ కలిసి ఇంటికి రండి.